షవర్ మూలల్లోంచి కింద గదికి నెమ్ము: మొత్తం పగలగొట్టాలా, జాయింట్లు చేయిస్తే సరిపోద్దా?

క్షీరపురి
పాలకొల్లులో మాది రెండంతస్తుల ఇల్లు. పై బాత్రూంలో గాజు పార్టిషన్ పెట్టి షవర్ విడిగా చేయించాం. గోడలకి సెరామిక్ టైల్స్, కింద యాంటీ స్కిడ్. ఇప్పుడు సరిగ్గా ఆ షవర్ కిందున్న పూజ గది సీలింగ్ మూల నెమ్మెక్కి పెయింటు పొరలుగా లేస్తోంది. తెల్లగా ఉప్పు పేలి, చేత్తో రాస్తే పొడి రాలుతోంది. పైన చూస్తే గోడా గోడా కలిసే మూల, గోడా నేలా కలిసే చోట వైట్ సిమెంటు వెంట్రుకవాసి పగుళ్లిచ్చింది. ఒక మేస్త్రి వచ్చి మొత్తం పగలగొట్టి మళ్లీ వేయాల్సిందే అన్నారు. ఇంకొకాయన వైట్ సిమెంటు మళ్లీ పట్టిస్తే చాలు, పూటలో పని అన్నారు. ఒకరిది లక్ష దాటే ఖర్చు, ఇంకొకరిది అయిదొందలు. ఎవరి మాట వినాలో తేలక అడుగుతున్నాను.

గోదారిగట్టు_కుర్రోడు
పూజ గది మీద బాత్రూమా అన్నా! నీళ్ల సంగతి తర్వాత, ముందు వాస్తు చెప్పేవాళ్ల కంట పడకుండా చూసుకోండి.

పూతరేకుల_అక్క
కుర్రోడా, ఆయన బాధలో ఆయనున్నారు, నీకు సరదాగా ఉందా. ఆత్రేయపురంలో మా ఇంట్లోనూ ఇదే గొడవ అయింది. వైట్ సిమెంటు పట్టించాం. వేసవి ఒక్కటి దాటేసరికి మళ్లీ అవే పగుళ్లు, అదే మూల. కాబట్టి ఆ అయిదొందల మాట మాత్రం నమ్మకండి.

సివిల్_తణుకు
రెండూ చేయకండి. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేల్చకుండా ఇద్దరూ మందు రాసేశారు. అలాంటి బాత్రూంలో నీళ్లు దిగే దారులు నాలుగు: గోడలో ఉన్న నీళ్ల పైపు, డ్రైనేజీ పైపు, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే తూము) చుట్టూ సందు, టైల్స్ జాయింట్లు. మీకు కంటికి కనపడేది జాయింటు పగులు. అదే కారణం కావచ్చు, కాకపోవచ్చు. డైవర్టర్ (నీళ్లని షవర్‌కి మళ్లించే కుళాయి) వెనకాల సీపీవీసీ ప్లాస్టిక్ పైపు జాయింట్ కారుతుంటే మూలలన్నీ సిలికాన్‌తో నింపినా పూజ గది ఆరదు.

రెండు విషయాలు చెప్పండి. ఆ బాత్రూం స్లాబ్ సంకెన్ వేశారా, అంటే మిగతా స్లాబ్ కంటే కిందకి దింపి వేశారా? వేస్తే లోపల దేంతో నింపారు? టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ ఏం చేశారు?

క్షీరపురి
సంకెనే. ఇటుక ముక్కలు నింపి పైన కాంక్రీటు వేశారు. వాటర్‌ప్రూఫింగ్ అంటే "కెమికల్ కొట్టేశాం" అని కట్టినాయన చెప్పారు. ఏ కెమికల్, ఎన్ని కోట్లు, గోడ మీదకి ఎంత ఎత్తు అంటే సమాధానం లేదు.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
ఆయ్, ఆ ఒక్క మాట మీదే సగం ఇళ్లు నడుస్తున్నాయండి. సిమెంటులో కలిపే లిక్విడ్ ఒకటుంటుంది, బస్తాకి ఇంతని పోస్తారు. అది కలిపితే కాంక్రీటులో నీరు చొరడం తగ్గుద్ది, అంతే. దాన్నే వాటర్‌ప్రూఫింగ్ అని లెక్క రాసేస్తారు. బ్రష్షుతో రెండు చేతులు, అంటే రెండు కోట్లు, పూసే పూత వేరు.

అమలాపురం_ప్లంబింగ్
సివిల్ గారు చెప్పిందే రైటు. కారణం తేల్చడానికి మనిషిని కూడా పిలవక్కర్లేదు, ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు. నేను పనికెళ్తే ఈ వరసలోనే చూస్తాను.

మొదట ఆ బాత్రూం వాడకం ఆపేసి, దానికొచ్చే గేట్ వాల్వ్ కట్టేయండి. కింద నెమ్ము ఉన్న మేర చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వాల్వ్ తెరిచి, కుళాయిలన్నీ కట్టేసి, స్నానాలు చేయకుండా వదిలినా తడి పెరుగుతుంటే అది పైపులో ఉన్న ప్రెషర్ నీళ్లే. అప్పుడు ప్లంబర్ చేత ప్రెషర్ టెస్ట్ చేయించాలి, జాయింట్ల జోలికి పోవద్దు.

అది కాదని తేలితే రెండోది. ఒక గొట్టం నేరుగా ట్రాప్ లోపలికి దించి, నేల తడవకుండా బకెట్ల కొద్దీ నీళ్లు పోయండి. కింద తడి వస్తే డ్రైనేజీ పైపు.

మూడోది, జాలీ తీసి ట్రాప్ మూతిని పాలిథిన్ కవర్లో గుడ్డ చుట్టి గట్టిగా బిగించి, షవర్ నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టండి. గోడ మీద నీటిమట్టం గీత గీయండి. పక్కనే ఓ బకెట్లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. 24 గంటల తర్వాత చూస్తే ఆవిరైంది ఎంతో, దిగిపోయింది ఎంతో బకెట్టు చెప్పేస్తుంది. బకెట్టులో గీత దగ్గరే ఉండి నేల మీద మట్టం పడిపోతే నేల జాయింట్లో, ట్రాప్ చుట్టూ సందులో కారుతోందన్నమాట.

నాలుగోది, ట్రాప్ తెరిచి షవర్ నీళ్లు గోడ మూల మీదే పడేటట్టు చాలాసేపు వదలండి.

ఒక్కో పరీక్షకీ మధ్య వ్యవధి ఇవ్వండి. లోపల ఇటుక ముక్కలున్నాయి కాబట్టి నీళ్లు అవి తాగి, ఆలస్యంగా కిందకి దింపుతాయి. ఒకే పూటలో నాలుగూ చేస్తే ఏ నీళ్లు ఏవో తెలీదు.

గోదారిగట్టు_కుర్రోడు
బకెట్టు పక్కన పెట్టడం భలే ఉంది. ఇంత సులువని తెలిస్తే మా ఓనరు గారితో నెలల తరబడి గొడవపడక్కర్లేకపోయేది.

లంకలోఇల్లు
రాజోలు దగ్గర లంకలో మాది. మేడ లేదు, అంతా నేల మీదే. బాత్రూం గోడ అవతల వైపు హాల్లో మోకాలెత్తు వరకూ నెమ్ము. జాయింట్లకి ఎపాక్సీ (రెసిన్‌తో చేసే మసాలా) పెట్టించాం, బయట గోడకి రంగు వేయించాం. ఏప్రిల్, మేలో కాలవలు కట్టేసినప్పుడు పొడిగా కనిపిస్తుంది. జూన్లో నీళ్లొదిలి వరి నాట్లు పడేసరికి మళ్లీ ఎక్కేస్తుంది. మా జాయింట్లలోనూ తప్పుందా?

సివిల్_తణుకు
@లంకలోఇల్లు మీది వేరే జబ్బు. డెల్టాలో కాలవలు పారినన్నాళ్లూ భూగర్భజలం బాగా పైనే ఉంటుంది. పునాది మీద నేల తడిని ఆపే డీపీసీ బెల్టు సరిగా లేకపోతే ఇటుక నేలలోంచి నీళ్లు పైకి లాగుతుంది. కాలవ క్యాలెండర్ ప్రకారం వచ్చి పోతోందంటే అనుమానం అటే వెళ్తుంది. బాత్రూం నుంచి దూరంగా ఉన్న మరో గోడకి కూడా అదే ఎత్తున నెమ్ముందేమో చూడండి. ఉంటే షవర్ జాయింట్లకి పెట్టే ప్రతి రూపాయీ దండగే. ఒకవేళ అవతలి గదిలో ఏసీ ఉంటే ఇంకోటి చూడాలి. జానెడు పాలిథిన్ షీటు గోడకి నాలుగు అంచులా టేపుతో అతికించి మర్నాడు చూడండి. షీటు వెనక తడుంటే గోడలోంచి వస్తోంది, పైన చెమ్మ పడితే గాలిలోది.

లంకలోఇల్లు
ఏసీ లేదండి. వంటింటి గోడక్కూడా అంతే ఎత్తు ఉంది. ఇప్పుడు తల తిరుగుతోంది, దీనికి వేరే ప్రశ్న పెడతాను.

కువైట్_కోనసీమ
క్షీరపురి గారూ, ఇన్ని పరీక్షలెందుకు? జాయింట్లన్నీ గీకించి మొత్తం ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందులు నింపే మసాలా) పెట్టించేయండి. మూలలతో సహా. ఇక్కడ మేమున్న బిల్డింగుల్లో అదే. నీరు పీల్చదు, నాచు పట్టదు, యాసిడ్‌కి చలించదు.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
టైల్‌కీ టైల్‌కీ మధ్య ఎపాక్సీ బెస్టే, ఒప్పుకుంటానండి. మూలల్లో మాత్రం వద్దు. ఎపాక్సీ కూడా గట్టిపడితే రాయే. గోడ ఒకటి, నేల ఒకటి, రెండూ ఒకేలా కదలవు. పైగా మన నల్లమట్టి నేలలు వానకి ఉబ్బుతాయి, ఎండకి నెర్రెలిస్తాయి. ఎంత జాగ్రత్తగా కట్టినా ఇల్లు వెంట్రుకవాసి కదులుద్ది. రెండు గోడలు కలిసే మూల, గోడా నేలా కలిసే మూల, టైలు పైపుకో గాజుకో తగిలే చోటు, ఇక్కడంతా సాగే సరుకే ఉండాలి. అంటే సిలికాన్. సిమెంటు పెట్టినా ఎపాక్సీ పెట్టినా పగులు మళ్లీ అదే మూలకి వస్తుంది. అక్క గారి మూల మళ్లీ పగిలింది అందుకే.

కువైట్_కోనసీమ
మా ఫ్లాట్లో మూలలకి ఎపాక్సీ పెట్టి ఏళ్లయింది మేస్త్రి గారూ, గీత కూడా పడలేదు.

సివిల్_తణుకు
పడకపోవచ్చు. కాంక్రీటు ఫ్రేమూ గట్టి నేలా ఉన్నచోట కదలిక తక్కువ. పాలకొల్లు మట్టికి ఆ లెక్క పట్టదు. నేను మేస్త్రి గారి వైపే.

భీమవరం_చెరువుగట్టు
యాసిడ్ మాట వచ్చింది కాబట్టి. మా వైపు బోరు నీళ్లు ఉప్పు. గాజు మీదా టైల్స్ మీదా తెల్ల పొర కడుతుంది. అది పోవాలని పనివాళ్లు వారం వారం బాత్రూం యాసిడ్ పోసి తోముతారు. టైలు మెరుస్తుంది, దాంతోపాటు సిమెంటు గ్రౌట్ పొంగి పొంగి తినేసుకుపోతుంది. మా షవర్లో ఒక వరుస జాయింటు పూర్తిగా ఖాళీ అయిపోయి గోరు దూరేది. ఇప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు కూడా గాజుకే వాడుతున్నాం, జాయింట్ మీద ఎక్కువసేపు ఉంచం. స్నానం అవ్వగానే వైపర్‌తో నీళ్లు లాగేస్తే అసలు పొరే కట్టదు.

పూతరేకుల_అక్క
ఆ పొంగడం చూసి శుభ్రమవుతోందని మురిసిపోతారు తమ్ముడూ. సిమెంటు కరిగిపోతోందని ఎవరికి తెలుసు.

క్షీరపురి
పరీక్షలు అయ్యాయి. అమలాపురం గారి వరసలోనే చేశాను. పైపు కాదు, వాల్వ్ తెరిచి ఉంచినా గీత దాటలేదు. ట్రాప్ లోపలికి గొట్టం పెట్టి పోసినా ఏం కాలేదు. నేల మీద నీళ్లు నిలబెట్టిన మర్నాడు బకెట్టు గీత కదల్లేదు, షవర్లో మాత్రం మట్టం వేలి మందం కిందకి పోయింది. పూజ గదిలో మరక గీత దాటి ముదురు రంగుకి తిరిగింది. గోడ మూల మీద నీళ్లు వదిలినప్పుడు కొత్తగా ఏం రాలేదు. అంటే నేలా గోడా కలిసే జాయింటు, లేదా ట్రాప్ చుట్టూ. ఇప్పుడు పగలగొట్టాలా?

అమలాపురం_ప్లంబింగ్
జాలీ తీసి ఫోన్ లైటు వేసి ట్రాప్ అంచు చూడండి. టైలుకీ ట్రాప్ మూతికీ మధ్య మాలు ఉందా, ఖాళీ ఉందా?

క్షీరపురి
చూశాను. ఒక పక్క మాలు అసలు లేదు. అగరుబత్తి పుల్ల పెడితే సగం దాకా దూరిపోయింది, బయటికి తీస్తే తడి ఇసుక అంటుకుని వచ్చింది. మూల జాయింట్లో వైట్ సిమెంటుని స్క్రూడ్రైవర్‌తో గీకితే పైన బియ్యపుగింజ మందం పొర మాత్రమే ఉంది, లోపలంతా గుల్ల.

అమలాపురం_ప్లంబింగ్
దొరికింది. మన ఇళ్లల్లో నూటికి ఎక్కువ భాగం లీకులు ఈ ట్రాప్ అంచు దగ్గరే చూస్తాను. టైల్స్ ఆయన టైలు కోసి వదిలేస్తాడు, అది ప్లంబర్ పని అంటాడు. ప్లంబర్ పైపు నిలబెట్టి వెళ్లిపోతాడు, అది టైల్స్ వాళ్ల పని అంటాడు. ఆ రెండు వేళ్ల సందు ఎవరిదీ కాకుండా పోతుంది.

సివిల్_తణుకు
ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. మొత్తం పగలగొట్టక్కర్లేదు. ముందు ట్రాప్ చుట్టూ, మూలల్లో సరిగ్గా చేయించండి, మళ్లీ అదే బకెట్టు పరీక్ష పెట్టండి. మట్టం నిలబడితే అయిపోయినట్టే. నిలబడకపోతే అప్పుడు షవర్ నేల, గోడకి కింది వరుస టైలు వరకూ తీసి పూత వేయించుకోవాలి. అప్పుడు కూడా పై గోడ ముట్టుకోనక్కర్లేదు.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. గ్రౌట్ అనేది వాటర్‌ప్రూఫింగ్ కాదు. కుండలో నీళ్లు చిందకపోయినా ఒళ్లు చెమరుస్తుంది చూడండి, సిమెంటు గ్రౌట్ ఉన్న గోడ కూడా అంతే. దాని వెనక పూత ఉంటేనే నిశ్చింత. మీకు ఆ పూత ఉందో లేదో తెలీదు కాబట్టి జాయింట్లు ఎంత బాగా చేయించినా ఏటా ఓసారి చూసుకోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఎందుకంటున్నానంటే, స్లాబ్ కడ్డీకి ఏళ్ల తరబడి తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుని కాంక్రీటుని తోసేస్తుంది. పెచ్చు ఊడి పడేది దీపం పెట్టుకునే మనిషి నెత్తి మీదే.

క్షీరపురి
మా అమ్మ రోజూ పొద్దున్నా సాయంత్రం అక్కడే కూర్చుంటుంది. ఇంక వాయిదా వేయను. మేస్త్రి గారూ, ఎలా చేయించాలో విడమరిచి చెప్పండి. పక్కన నిలబడి చేయించుకుంటాను.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
చెప్తానండి, పెద్దదే రాస్తాను.

ముందు ట్రాప్. జాలీ తీసి, చుట్టూ వదులుగా ఉన్న మాలంతా సన్న ఉలితో తీసేయాలి. గట్టి కాంక్రీటు తగిలేదాకా. బ్రష్షుతో దుమ్ము పోగొట్టి, ఆరనిచ్చి, నాన్ ష్రింక్ గ్రౌట్, అంటే ఆరాక కుంచించుకుపోని రకం, కూరాలి. మామూలు సిమెంటు మాలు ఆరాక కుంచించుకుపోయి పైపు నుంచి విడిపోద్ది, అందుకని అది వద్దు. ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది కాబట్టి గ్రౌట్ తగిలే మేర దాని మీద గరుకు కాగితంతో రుద్దాలి. పైన టైలు అంచుకి పావు అంగుళం కిందకి ఆపేసి, గట్టిపడ్డాక ఆ గాడిలో పీయూ (పాలీయురేథేన్) సీలెంట్, అంటే సాగే మసాలా, పెట్టాలి.

తర్వాత టైల్స్ మధ్య జాయింట్లు. మీవి మధ్యలో సందు కోసం స్పేసర్ ముక్కలు పెట్టి వేశారా, సందు లేకుండా అంటించి వేశారా చూడండి. 2 మిల్లీమీటర్ల సందు లేకపోతే ఎపాక్సీ లోపలికి పోదు, పైన పూసినట్టే ఉంటుంది. అంటించి వేసి ఉంటే సన్న బ్లేడుతో సందు తెరవాలి, అది చేయి తిరిగినవాడి పని, లేకపోతే టైలు అంచు పెచ్చు లేస్తుంది. ఎపాక్సీ మూడు భాగాలుగా వస్తుంది, రెసిన్, హార్డెనర్, పొడి. మన ఎండలకి త్వరగా బిగుస్తుంది. డబ్బా మొత్తం ఒకేసారి కలపనివ్వకండి. కొద్దికొద్దిగా కలిపి, కూరి, మిగిలింది వెంటనే స్పాంజితో తుడిచేయాలి. టీ తాగొచ్చి తుడుద్దామంటే ఆ పొర ఇంక జన్మలో పోదు.

ఆ గ్రౌట్ గట్టిపడ్డాకే మూలలు. మూలల్లో వైట్ సిమెంటు ముక్క కూడా మిగలకూడదు. పాత సిలికాన్ ఎక్కడైనా ఉంటే రెండంచులా బ్లేడు వేసి లాగేయాలి, మిగిలిన జిడ్డు స్పిరిట్‌తో తుడవాలి. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కి అంటుకోదు. చాలామంది దాని మీదే ఇంకో పొర లాగేసి డబ్బులు తీసుకుంటారు, అది నెలల్లో తోలులా ఊడొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ఆరబెట్టడం. పైకి పొడిగా కనిపించినా గుల్లలో తడుంటుంది. మీరు నీళ్లు నిలబెట్టారు కాబట్టి వెంటనే పని మొదలెట్టకండి. బాత్రూం వాడకుండా, కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి వదిలేయండి.

గుల్ల లోతుగా ఉంటే సిలికాన్ అంతా కూరేయకూడదు. లోపల ఫోమ్ తాడు నొక్కి, పైన సిలికాన్ వేయాలి. సిలికాన్ రెండు పక్కల టైలుకే అంటుకోవాలి, అడుగుకి అంటుకుంటే సాగలేక చిరుగుద్ది. మూలకి రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, ట్యూబు ముక్కు వాలుగా కోసి, గన్ ఆపకుండా ఒకే లాగుడు. నిలువు మూలలు ముందు, నేల జాయింటు తర్వాత. సబ్బు నీళ్లలో వేలు ముంచి ఒక్కసారే నునుపు చేసి, తడిగా ఉండగానే టేపు లాగేయాలి. ఆరాక లాగితే అంచు లేస్తుంది.

ఆ తర్వాత కనీసం 24 గంటలు చుక్క పడకూడదు. లావుగా పడినచోట ఇంకా ఎక్కువ, రోజుకి 2, 3 మిల్లీమీటర్ల మందమే గట్టిపడుతుంది.

గోదారిగట్టు_కుర్రోడు
వానాకాలంలో చేయించొచ్చా మేస్త్రి గారూ? గాల్లోనే తడి కదా.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
సిలికాన్ గాల్లో తడి పీల్చుకునే గట్టిపడుద్ది బాబూ, దానికి ఇబ్బంది లేదు. జాయింటు ఆరడమే వానాకాలంలో కష్టం.

నరసాపురం_లేసు
షవర్ గుమ్మం పాలరాయి అయితే జాగ్రత్త. మాకు పెట్టినాయన వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ పెట్టాడు. రాయి అంచు పొడుగునా మసకగా మచ్చ పడింది, ఎంత పాలిష్ పట్టించినా పూర్తిగా పోలేదు. షాపులో అడిగితే రాయికి ఆ వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ తీసుకోవాలన్నారు. అద్దం వెనకాల కూడా ఆ వెనిగర్ రకం వాడకూడదట, వెండి పూత పోతుందట.

సివిల్_తణుకు
నిజమే. అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. పాలరాయికీ, సిమెంటు తలానికీ, అద్దం పూతకీ పడదు. గాజుకీ మెరుపు టైలుకీ పనికొస్తుంది. ఏదైనా సరే డబ్బా మీద శానిటరీ, యాంటీ ఫంగల్ అని ఉండాలి. లేకపోతే మన వాతావరణానికి త్వరలోనే నల్ల చుక్కలు మొదలవుతాయి.

భీమవరం_చెరువుగట్టు
గాజు పార్టిషన్ అడుగున అల్యూమినియం చానల్ ఉంటుంది కదా. దాన్ని లోపలా బయటా రెండు వైపులా సీల్ చేయాలా? మా దాంట్లో రెండు వైపులా చేశారు, చానల్లో నీళ్లు నిలిచి కంపు కొడుతోంది.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
బయట వైపు ఒక్కటే చేయాలండి. చానల్లోకి ఎలాగూ కొంచెం నీళ్లు చేరతాయి, అవి షవర్లోకే వెనక్కి పోవడానికి దారుండాలి. లోపల కూడా మూసేస్తే ఆ నీళ్లు అక్కడే కుళ్లుతాయి.

కువైట్_కోనసీమ
ఇది నేను ఒప్పుకోను. లోపల తెరిచి ఉంచితే మురికి చేరి ఇంకా నల్లబడుతుంది. చానల్ లేకుండా గాజుని నేరుగా నేలకి పెట్టి రెండు వైపులా పల్చగా సిలికాన్ లాగడం మేలు.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
చానల్ లేకపోతే మీరు చెప్పిందే పద్ధతి. ఆయనది చానల్ ఉన్నది.

అమలాపురం_ప్లంబింగ్
ఇంకో చిన్న చోటు మర్చిపోతారు. షవర్ పైపు, డైవర్టర్ గోడలోంచి బయటికొచ్చే చోట స్టీలు బిళ్ల ఉంటుంది. దాని వెనకాల టైలు రంధ్రం బొటనవేలు దూరేంత ఉంటుంది. పైనా పక్కలా సిలికాన్ పెట్టించి, అడుగున కాస్త వదిలేయండి. లోపల పైపు ఎప్పుడైనా కారితే ఆ సందులోంచి బయటికి కనపడుతుంది. పూర్తిగా మూసేస్తే గోడలోనే దాక్కుంటుంది.

పూతరేకుల_అక్క
మా అమ్మమ్మ గారి మండువా ఇంట్లో స్నానాల గది పెరట్లో ఉండేది. నాపరాయి బండ, నీళ్లన్నీ అరటి చెట్లకి పోయేవి. ఇప్పుడు పడగ్గదిలోకి తెచ్చుకున్నాం, సౌకర్యమే. అయితే ఇంట్లోకి తెచ్చుకున్న నీళ్లకి తగ్గ శ్రద్ధ కట్టేటప్పుడు పెట్టట్లేదు. టైలు డిజైన్‌కి నాలుగు షాపులు తిరుగుతాం, దాని కింద ఏం పూస్తున్నారో ఒక్క పూట నిలబడి చూడం. ఈ మాట మా చుట్టాల్లో ఇల్లు కట్టే ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను.

క్షీరపురి
పని అయింది. ట్రాప్ చుట్టూ తీస్తుంటే ఒక పక్క అరచేయంత గుల్ల బయటపడింది, ఇటుక ముక్కలు నల్లగా నాని కనిపించాయి. నాన్ ష్రింక్ గ్రౌట్ కూరించాం. మూలలకి ఫోమ్ తాడు పెట్టి న్యూట్రల్ సిలికాన్. టైల్స్ మధ్య ఎపాక్సీ, కొద్దికొద్దిగానే కలిపించాను, మేస్త్రి విసుక్కున్నా వదల్లేదు. ఆరనిచ్చి మళ్లీ బకెట్టు పరీక్ష పెట్టాం. ఈసారి రెండు గీతలూ సమానంగా ఉన్నాయి!

అయితే పూజ గది మూల ఇంకా తడిగానే ఉంది. గీత దాటలేదు కానీ తగ్గనూ లేదు. పుట్టీ పెట్టి రంగు వేయించేయమంటున్నారు.

సివిల్_తణుకు
వేయించకండి. సంకెన్‌లో ఇటుక ముక్కలు తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? పైనుంచి మూసేశాం, ఇంక కింద సీలింగ్ ద్వారానే ఆరాలి. వారాలు పడుతుంది, నెలలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. లేచిన పెయింటు, పుట్టీ గీకేసి సిమెంటు బయటపెట్టి ఫ్యాన్ తిప్పండి. ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపండి, నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గీత ప్రకారం తడి ముడుచుకుంటూ రావాలి. పెరిగితే మాత్రం మళ్లీ ఇక్కడ రాయండి.

బయటి గోడ వైపు సంకెన్ అడుగున అర అంగుళం పైపు పెట్టి నీళ్లు బయటికి తీయొచ్చు. స్లాబ్ కడ్డీలకి తగలకుండా ఎక్కడ రంధ్రం వేయాలో ఇంజినీర్ వచ్చి చూసి చెప్పాలి, డ్రిల్లింగ్ మిషన్ ఉన్న ప్రతి ఒక్కరి చేతా వేయించకండి.

క్షీరపురి
గీకించేశాను. అమ్మ దేవుడి పటాలు హాల్లోకి మార్చింది. ఆరాక చెప్తాను.

కువైట్_కోనసీమ
ముమ్మిడివరంలో మా కొత్త ఇంటికి వచ్చే నెల బాత్రూంలు మొదలవుతాయి. నేను అక్కడ ఉండను, నాన్నగారు చూసుకుంటారు. కాంట్రాక్టరుకి కాగితం మీద ఏం రాయించమంటారు?

సివిల్_తణుకు
సంకెన్ అడుగున ఒక పూత, నింపాక టైల్స్ కింద ఇంకోటి. పూత అంటే రెండు భాగాల పాలిమర్ సిమెంటు పూత, మొదటి చేయి ఒక దిశలో, ఆరాక రెండోది అడ్డంగా. అంతకుముందే నేలా గోడా కలిసే మూలని మాలుతో గుండ్రంగా చేసి, అక్కడా ట్రాప్ చుట్టూ ఫైబర్ మెష్ పరిచి పూతలో కలపాలి. గోడ మీదకి మామూలు చోట ఒక అడుగు, షవర్ వైపు తలెత్తు దాటి 6 అడుగులు. వాలు మీటరుకి 10 నుంచి 15 మిల్లీమీటర్లు, ట్రాప్ వైపుకే. పూత ఆరాక, టైలు పడకముందే 48 గంటలు నీళ్లు నిలబెట్టాలి. విట్రిఫైడ్ టైల్స్ అయితే అవి నీరు పీల్చవు కాబట్టి సిమెంటు మాలు సరిగా పట్టదు, ఐఎస్ 15477 ముద్ర ఉన్న టైల్ అడెసివ్ (జిగురు) వాడాలి. స్పేసర్ తప్పనిసరి. మూలల్లో గ్రౌట్ వద్దు, సిలికాన్ అని విడిగా రాయించండి.

అమలాపురం_ప్లంబింగ్
ట్రాప్ అంచు ఎవరు మూస్తారో పేరు పెట్టి రాయించండి. ప్లంబరా, టైల్స్ మేస్త్రా. రాయకపోతే ఇద్దరూ వదిలేస్తారు.

కువైట్_కోనసీమ
ఇది ప్రింటు తీసి నాన్నగారికి పంపుతున్నాను. నీళ్లు నిలబెట్టిన రోజు వీడియో కాల్ చేయమన్నాను, బకెట్టుతో సహా.

టైల్స్‌మేస్త్రి_రావులపాలెం
నీళ్లు వదిలే ముందు ఒకసారి, 48 గంటలయ్యాక ఒకసారి కింద సీలింగ్ కూడా చూపించమనండి. పైన మట్టం ఒక్కటే చూసి ఊరుకోవద్దు.